బావ బొటనవేలు

షార్జాలో నేను పనిచేసే కొట్లో చేపలు తప్ప, చేపలు పట్టడానికి కావలసినవన్నీ దొరుకుతాయి. పదకొండేళ్ళుగా అదే కౌంటరు. ఎవరైనా వచ్చి "బెయిట్‌కాస్టింగ్ రీల్ చూపించండి" అంటే నేను ముందు వాళ్ళ కుడిచేతి బొటనవేలి వైపు చూస్తాను. చాలామందికి అది అక్కర్లేని సరుకు. అమెరికావాళ్ళు చెరువుల్లో బాస్ చేపలు పట్టే వీడియోలు ఫోనులో చూసి, అరచేతిలో ఇమిడే ఆ నల్లటి మెషిన్ మీద మోజుపడి వస్తారు. అయ్యా, ఇక్కడ ఆ చెరువూ లేదు, ఆ బాసూ లేదు, ఉన్నదల్లా ఉప్పునీళ్ళు, మామూలు స్పిన్నింగ్ రీల్ పట్టుకెళ్ళండి అని మొత్తుకుంటాను. వింటేగా! వారం తిరక్కుండా లోపలంతా చిక్కుపడిన రీల్ పట్టుకొచ్చి, చెడిపోయిన సరుకు అంటగట్టావని నా మీద పడతారు.

ఆ మెషిన్ సంగతి అంతే. గేలం విసిరినప్పుడు దారం చుట్టిన చక్రం తనంతట తనే గిర్రున తిరుగుతుంది. ఎర నీళ్ళలో పడే లోపు దాని వేగం తగ్గాలి. తగ్గించాల్సింది బొటనవేలు. నొక్కీ నొక్కనట్టు ఆనించాలి. గట్టిగా నొక్కితే ఎర కాళ్ళ దగ్గరే పడుతుంది, వదిలేస్తే దారం పోయే వేగం కంటే చక్రం ఎక్కువ తిరిగి అంతా ముద్దయిపోతుంది. మెషిన్‌కి సొంత బ్రేకులు కూడా ఉంటాయి. పక్కమూత మీద అంకెలున్న బిళ్ళ ఒకటి, హ్యాండిల్ పక్కన చిన్న మర ఒకటి. ఆ రెండూ పూర్తిగా బిగిస్తే వేలు లేనివాడు కూడా విసరగలడు, కాకపోతే ఎర దూరం పోదు. కొత్తగా కొన్నవాళ్ళకి నేను మొట్టమొదట చెప్పే సంగతి ఇదే. మా బావకి చెప్పలేదు.

బావ అంటే మా అక్క భర్త. అక్క ఇక్కడ ఆస్పత్రిలో నర్సు. అల్ నహ్దాలో వాళ్ళ ఫ్లాటులోనే, పెళ్ళాన్ని ఊళ్ళో ఉంచి, హాల్లో ఓ మూల కర్టెన్ కట్టుకుని నేనూ ఉంటున్నాను. మాది అంతర్వేది వైపు, బావ వాళ్ళది గోదావరి అవతలి గట్టు. ఆయన జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఓ గోడౌన్లో పద్నాలుగేళ్ళు ఫోర్క్‌లిఫ్ట్ నడిపాడు. "ఆరో అరలో కోడిగుడ్డు పెట్టి, మళ్ళీ పగలకుండా దింపుతాన్రా" అనేవాడు. గొప్పలు చెప్పుకోవడంలో మా బావ తర్వాతే ఎవరైనా. కానీ ఈ ఒక్క విషయంలో ఆయన మాట నిజమేనని ఆయనతో పనిచేసినవాళ్ళందరూ చెప్పారు.

కరోనా వచ్చిన రెండో ఏడు, ఓ పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే ఆయన చేతిలోంచి బ్రష్ జారిపోయింది. వంగి తీసుకోబోయి పడిపోయాడు. అక్క డ్యూటీకి బయల్దేరుతూ ఇంకా గుమ్మంలోనే ఉంది కాబట్టి సరిపోయింది. నిమిషాల్లో ఆస్పత్రికి చేర్చింది, పక్షవాతమన్నారు, ప్రాణం దక్కింది. మాట వారంలో వచ్చేసింది. కాలు రెండు నెలల్లో వచ్చింది. కుడిచేతికి నాలుగు వేళ్ళూ ఒక్కొక్కటే కదిలాయి. బొటనవేలు మాత్రం మొండికేసింది.

కంపెనీవాళ్ళు ఆరు నెలలు గడువిచ్చారు. ఆ లోపల ఎప్పుడంటే అప్పుడు గోడౌన్లోనే టెస్టు పెడతామన్నారు. పాసైతే పాత సీటు, తప్పితే వీసా క్యాన్సిల్, ఖలాస్. ఒక్కసారే అవకాశం. ఆ బండిలో ఎడమచేత్తో స్టీరింగు తిప్పుతారు, కుడిచేతి కింద మీటలుంటాయి. పెట్టెల కిందికి దూర్చే ఇనప ఫోర్కుల్ని ముందుకీ వెనక్కీ జరిపే మీట సరిగ్గా బొటనవేలి దగ్గరుంటుంది. అంటే ఆరు నెలల్లో ఆ ఒక్క వేలు రావాలి. మా ఇంట్లో ఇంకో మాట లేదు, ఇంకో ప్రార్థన లేదు.

"నా వీసా మీదకి మార్చుకుందామండీ, ఎందుకంత కంగారు?" అని అక్క చాలాసార్లు అంది.

"పెళ్ళాం వీసా మీద ఇంట్లో కూచుని అంట్లు తోముకోమంటావా? ఆ బండి ఎక్కలేకపోతే నేనిక్కడ ఉండను. రాసి పెట్టుకో."

ఫిజియోథెరపీ అమ్మాయి పసుపుపచ్చ రబ్బరు బంతి ఒకటిచ్చి రోజుకి ఇన్నిసార్లు పిసకమంది. బావకి ఆ బంతంటే ఒళ్ళుమంట. పసిపిల్లాడి ఆటట. మంచం మీద పడుకుని ఎడమచేత్తో ఫోను పట్టుకుని వీడియోలు చూసేవాడు. అదిగో, అక్కడ తగిలాయి ఆయనకి ఆ బాస్ చేపలు. "ఒరేయ్, ఇది మన పండుగప్పకి చుట్టంలాగుందిరా. వీళ్ళందరూ బొటనవేలితోనే ఆడిస్తున్నారు చూడు" అన్నాడు ఓ రోజు. ఆ కళ్ళలో వెలుగు చూసి నాకు భయమేసింది.

మూడో నెలలో కొట్టుకొచ్చాడు. నేను స్పిన్నింగ్ రీల్ తీసి కౌంటరు మీద పెట్టాను.

"దీనికి వేలితో పనుందా?"

"లేదండి. అందుకే ఇది తీసుకోమంటున్నాను."

"అందుకే వద్దంటున్నాను. ఆ నల్లది తియ్యి."

తీశాను. హ్యాండిల్ ఎడమవైపున్నవీ ఉంటాయి, కుడివైపున్నవీ ఉంటాయి. ఎడమచేత్తో విసిరి కుడిచేత్తో చుట్టుకోండి, సుఖంగా ఉంటుంది అన్నాను. "ఎడమచేత్తో గేలం వేస్తానా? మా నాన్న చూస్తే సమాధిలోంచి లేచొచ్చి తంతాడు" అన్నాడు. కుడిచేత్తోనే విసరాలి, కుడి వేలితోనే ఆపాలి, కుడిచేత్తోనే చుట్టాలి. సరే, కుడి హ్యాండిల్‌దే ఇచ్చాను. లోపలి గేర్ల పళ్ళ నిష్పత్తి తక్కువది ఎంచాను. అది నెమ్మదిగా చుట్టినా బలంగా లాగుతుంది. ఉప్పుకి తట్టుకునే బేరింగులున్నది చూశాను. కర్ర ఏడడుగులది, పిడి కింద వేలు పట్టుకునే కొక్కెం ఉన్నది, టాక్సీలో పట్టేలా రెండు ముక్కలది తీశాను. అల్లిన దారం చిక్కుపడితే విడదీయడం ఎవడి తరమూ కాదు కాబట్టి ఒంటిపోగు నైలాన్ దారం మందంది చుట్టాను. తేలిక ఎరలు తీసేసి బరువైనవే నాలుగు ఇచ్చాను. ఎవరికీ అంత జాగ్రత్తగా ఎంచలేదు. బ్రేకులు మాత్రం వదులుగానే ఉంచేశాను, వేలికి పనుండాలనేగా ఆయన కోరింది. కర్ర చేతిలో పెట్టగానే దాని కొన వణికింది. బావ చూశాడు, నేనూ చూశాను.

పర్మిట్ తీసుకుని అల్ ఖాన్ వైపు రాళ్ళగట్టుకి వెళ్ళేవాళ్ళం. నాకు కొట్టు పదింటికి కాబట్టి పొద్దున్నే ఓ రెండు గంటలు దొరికేది. మొదటి రోజు మొదటి విసురుకే చిక్కు. రెండోదానికీ చిక్కే. విసరడం ఒక్క క్షణం, విడదీయడం అరగంట. రాయి మీద కూచుని నేను గోళ్ళతో దారం పీకుతుంటే ఆయన పక్కన నిలబడి తన వేలినే తిట్టుకునేవాడు. తొమ్మిది రోజులు అదే వరస. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. పదో రోజు ఆయన కర్రని రాళ్ళ మీద పారేసి అక్కడే కూలబడ్డాడు.

"చచ్చిపోయిందిరా నా చెయ్యి. మీ అక్కకి చెప్పలేకపోతున్నాను. చచ్చిపోయింది."

ఏడ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, నా పెళ్ళికి నన్ను భుజాల మీద ఎత్తుకుని చిందేసిన మనిషి, ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు. చిక్కు విడదీస్తూ, ఆయన అటు తిరిగి ఉండగా, పక్కమూత బిళ్ళని చివరి అంకె దాకా తిప్పేశాను. హ్యాండిల్ పక్క మర కూడా ఇక తిరగనంత వరకు బిగించాను. రెండు క్షణాల పని. "ఒక్కసారి, ఆఖరుసారి వెయ్యండి బావగారూ. మీ ఇష్టం, తర్వాత ఇంటికి పోదాం" అన్నాను.

వేశాడు. ఎర పదిహేను అడుగులు పోయి టుప్పున పడింది. చక్రం బుద్ధిగా ఆగిపోయింది. చిక్కు లేదు. మళ్ళీ వేశాడు, లేదు. పదిసార్లు వేశాడు.

"ఒరేయ్! ఆగిందిరా! నా వేలు ఆపిందిరా!"

ఆయన మొహం చూశాక ఇంకేం చెబుతాను! రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు ఆయన నాకంటే ముందే లేచి బూట్లేసుకుని కూచున్నాడు. ఇంకో వారం పోనీ, కాస్త ధైర్యం వస్తే వేలు కూడా నిజంగానే వస్తుందేమో అనుకున్నాను. ఎంతో తెలివైనవాణ్ణని నా నమ్మకం. రోజుకో అంకె చొప్పున బ్రేకు వదులు చేసుకుంటూ పోతే ఆయనకి తెలియకుండానే వేలు పని నేర్చుకుంటుందని లెక్కేశాను. రెండుసార్లు వదులు చేసి చూశాను కూడా. రెండుసార్లూ చిక్కుపడింది, ఆయన మొహం మాడిపోయింది, నేను మళ్ళీ బిగించేశాను. నాలుగో నెల చివర్లో ఓ పార చేప పడింది, మోచేయంత ఉంటుంది. అక్క పులుసు పెట్టింది. ఆ పూట ఆయన కుడిచేత్తోనే, సగం కింద పోసుకుంటూ, తిన్నాడు.

మా ఫ్లాటులో శుక్రవారం సాయంత్రాలు ప్రార్థన కూడిక జరుగుతుంది. మావైపు నర్సులు, వాళ్ళ కుటుంబాలు, ఓ ఇరవై మంది వస్తారు. పాటలు, వాక్యం అయ్యాక సాక్ష్యాలు. ప్రభువు ఎవరికి ఏ మేలు చేశాడో వాళ్ళు లేచి అందరి ముందూ చెప్పాలి. జ్వరం తగ్గిందని చెబుతారు, పరీక్ష పాసయిందని చెబుతారు. ఒకసారి సాక్ష్యం చెప్పాక ఆ మేలు జరిగినట్టే. ఇంకా జరుగుతోంది, సగం జరిగింది అని మళ్ళీ ఎవరూ అనరు. అలా అంటే అది ప్రభువుని అనుమానించడం అవుతుంది. చిన్నప్పటినుంచీ మేం పెరిగిన పద్ధతి అది.

చేప పడిన వారం, శుక్రవారం కూడికలో బావ లేచాడు. నేను వంటగదిలో టీ కప్పులు సర్దుతున్నాను.

"నా కుడిచెయ్యి చచ్చుపడిపోయిందని మీ అందరికీ తెలుసు. డాక్టర్లు బొటనవేలి సంగతి చెప్పలేమన్నారు. ఇవాళ గిర్రున తిరిగే చక్రాన్ని ఈ వేలితో ఆపుతున్నాను. కావాలంటే మా బావమరిదిని అడగండి, వాడు రోజూ చూస్తున్నాడు. ప్రభువు నన్ను బాగుచేశాడు. ఆయన నామానికే మహిమ!"

అందరూ స్తోత్రం, స్తోత్రం అన్నారు. ఎవరో నా వైపు తిరిగి "అవునా తమ్ముడూ?" అని అడిగారు కూడా. నా చేతిలో ఆరు కప్పుల ట్రే ఉంది. తలూపాను. అక్క అందరితో పాటు చప్పట్లు కొట్టలేదు. ఆ చెయ్యికి రోజూ నూనె రాసేది ఆవిడే, అందులో బలం ఎంతుందో ఆవిడకి తెలుసు. కానీ భర్త సాక్ష్యం చెబుతుంటే పదిమందిలో కాదనే ధైర్యం ఆవిడకీ లేకపోయింది.

మర్నాడే బావ కంపెనీకి ఫోన్ చేసి టెస్టు పెట్టమన్నాడు. గడువు ఇంకా రెండు నెలలుంది. ఫిజియోథెరపీ అమ్మాయి ఆ వారమే అక్కతో అందట, వేలి మొదట్లో కదలిక మొదలైంది, తొందరపెట్టకండి అని. అక్క బతిమాలింది. నేనూ నా వంతు గొణిగాను.

"ఇంకో నెల ఆగకూడదా బావగారూ?"

"సాక్ష్యం చెప్పి ఆగమంటావేంట్రా! బాగైందని నోటితో చెప్పినోణ్ణి, బండెక్కడానికి జంకితే జనం ఏమనుకుంటారు? దేవుడేమనుకుంటాడు?"

అప్పుడు చెప్పాల్సింది. అది మీ వేలు కాదు, నేను బిగించిన మర అని ఆ ఒక్క మాట అనేస్తే ఆయన నన్ను చెంప మీద కొట్టేవాడు, రెండు నెలలు ఆగేవాడు. పదిమందిలో తలూపినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని చెప్పను? "సరే, మీ ఇష్టం" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే తన్నుకోవాలనిపిస్తుంది.

టెస్టు రోజు నేను కౌంటరులోనే ఉన్నాను. మధ్యాహ్నం గోడౌన్ నుంచి ఫోన్. బావతో పనిచేసే కడప సాయిబు.

"అన్నా, మీ బావకేం దెబ్బ తగల్లా, భయపడాకు. మొదటి పెట్టె బాగనే పెట్టినాడు. రెండోది పైన పెట్టి ఫోర్కులు ఎనిక్కి తీయల్ల గదా, ఏలు మీట మింద ఉండాది గానీ అది కదల్ల్యా. తీసినాననుకొని బండి ఎనిక్కి పోనిచ్చినాడు. నూనె డబ్బాల లోడు మొత్తం కింద పడె. ఆడ నిలబడిన నేపాలీ పిల్లోడు ఒక్కడుగు ఇటుంటే పోయినట్టే."

సేఫ్టీవాడు "బస్, బస్! ఉతరో!" అని అరిచాడట. బావ దిగి, తాళంచెవి వాడి చేతిలో పెట్టి, గోడౌన్ బయట ఎండలో కాలిబాట మీద కూచున్నాడట. సాయిబు వెళ్ళి నీళ్ళిస్తే తాగలేదట. ముదీర్‌కి, అదే మా కొట్టు మేనేజరుకి, ఏదో సాకు చెప్పి టాక్సీ ఎక్కాను.

ఆయన కంపెనీనీ ఏమీ అనలేదు, బండినీ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక అక్కతో ఒక్కటే అన్నాడు: "ప్రభువు ఇచ్చాడే. నిలబెట్టుకునే విశ్వాసం నాకు లేకపోయింది."

తర్వాతి శుక్రవారం కూడిక మా ఇంట్లో వద్దన్నాడు. జనం పలకరించడానికొస్తే పడగ్గది తలుపేసుకునేవాడు. అక్క మళ్ళీ తన వీసా మాటెత్తింది. "వీళ్ళ మధ్య ఏ మొహంతో తిరగమంటావు? అబద్ధ సాక్ష్యం చెప్పినోణ్ణి నేను" అన్నాడు. క్యాన్సిలేషన్ కాగితాలు వచ్చేశాయి. అట్టపెట్టె తెచ్చి సర్దడం మొదలుపెట్టాడు.

వెళ్ళడానికి రెండు రోజుల ముందు, అక్క డ్యూటీలో ఉండగా, చెప్పేశాను. రాళ్ళగట్టు, బిళ్ళ, మర, అన్నీ. నిలబడే చెప్పాను, కూచోడానికి మనసొప్పలేదు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన బట్టలు మడతపెడుతూ అంతా విని, నవ్వాడు. వారం పది రోజుల్లో అదే మొదటి నవ్వు.

"మీ అక్క చెప్పేది. చిన్నప్పుడు అది పగలగొట్టిన గ్లాసులు కూడా నువ్వే పగలగొట్టానని దెబ్బలు తినేవాడివంట. నీ బుద్ధి పోలేదురా."

"ఒట్టు బావగారూ! నిజం! కావాలంటే చూపిస్తాను." పరుగెత్తి రీల్ తెచ్చాను. బిళ్ళ చివరి అంకె మీదే ఉంది. ఆయన చూశాడు.

"ఇప్పుడు తిప్పుకొచ్చావు. వదిలెయ్. పాపం నాది, నీ నెత్తినేసుకుని నన్ను ఓదార్చకు. నీకు పుణ్యముంటుంది, ఇంకో మాటెత్తకు."

కాళ్ళు పట్టుకున్నాను. లేపి, నా వీపు తట్టాడు, ఎడమచేత్తో. నేనే ఆయన్ని ముంచితే ఆయన నన్ను ఓదారుస్తున్నాడు. ఇంతకంటే నరకం ఏముంటుంది? ఆ రాత్రి అక్కతో కూడా చెప్పాను. నమ్మింది. "కూడికలో లేచి చెబుతావా?" అని అడిగింది. చెబుతానన్నాను. శుక్రవారం వచ్చింది, ఇంకో శుక్రవారం వచ్చింది. లేవలేదు. అక్క మళ్ళీ అడగలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఉప్పు అందించమనీ, తలుపు వెయ్యమనీ మాట్లాడుకుంటున్నాం.

బావ వెళ్ళి మూడేళ్ళు దాటింది. ఊళ్ళో వేలు చాలా మటుకు వచ్చిందట, చొక్కా బొత్తాలు తనే పెట్టుకుంటున్నాడట. ఆ మాట అక్కే చెప్పింది, మొహం పక్కకి తిప్పుకుని. గుడికి వెళ్తాడట గానీ వెనక బెంచీలో కూచుంటాడట. నెలకోసారి ప్రభు భోజనమని రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేటప్పుడు లేచి బయటికి వెళ్ళిపోతాడట. దేవుడి పేరున అబద్ధం ఆడినోణ్ణి, ఆ రొట్టె ముట్టుకునే అర్హత నాకు లేదంటాడట. పాస్టరు అయ్యగారు ఎంత చెప్పినా వినడట.

నేను మాత్రం ఇక్కడ ప్రతి నెలా ఆ రొట్టె తీసుకుంటూనే ఉన్నాను. మానేస్తే ఎందుకని అడుగుతారు.